కోడూరులో వన్స్ మోర్

మాస్టారు నన్ను కొట్టిన రోజే నేనూ ఆయన్ని కొట్టాను. ఆ తర్వాత మా ఇద్దరికీ బాగా కుదిరింది.

బందరులో మా నాటక సమాజానికి రిహార్సల్ గది ఒక టైలర్ షాపు మేడ మీద ఉండేది. కింద మిషన్లు గడగడలాడుతుంటే పైన మేం గొంతులు చించుకునేవాళ్ళం. మాస్టారు పౌరాణికాల్లో గద పట్టి పెరిగిన మనిషి. పగలంతా లాయరు గారి దగ్గర గుమాస్తాగా చేతులు కట్టుకుని నిలబడి, సాయంత్రానికి ఆ అణకువంతా మా మీద తీర్చుకునేవారు. డైలాగు తప్పితే వీపు మీద, ఎంట్రీ తప్పితే నెత్తి మీద. మగవాళ్ళు నోరెత్తకుండా పడేవాళ్ళు. నేను గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చే ఆర్టిస్టుని. ఆడవేషం కావాల్సి వస్తే ఈ చుట్టుపక్కల సమాజాలన్నీ నన్నే పిలుస్తాయి, ఒకరి చేత దెబ్బలు తినాల్సిన ఖర్మ నాకేం లేదు. ఆయన చెయ్యి నా చెంప మీద పడగానే నా చెయ్యి దానంతటదే లేచింది. ఆయన కళ్ళజోడు ఎగిరి మెట్ల మీద దొర్లుకుంటూ షాపులోకి పోయింది.

టైలర్ గారు దాన్ని తుడిచి పైకి తెచ్చిచ్చారు. "రిహార్సలేనా అండీ, ఇంకేమైనానా?" అన్నారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, ఎర్రబడ్డ చెంప తడుముకుంటూ, "అదీ! ఆ కోపమే కావాలి నాకు!" అన్నారు. సిగ్గులేని మనిషి అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను, కాకపోతే కాస్త ప్రేమగా.

ఆ ఏడు గుడివాడ పోటీల్లో అనువాద నాటకాలే వెయ్యాలని షరతు పెట్టారు. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన డెన్మార్క్ నాటకం ఒకటి తెలుగు చేసి పెట్టుకున్నారు, ఎవరూ వెయ్యక బీరువాలో పడుంది. మాస్టారు అది చదివి ఊగిపోయారు. కథ చిన్నదే. డెన్మార్క్‌లో సముద్రం ఒడ్డు ఊళ్ళలో చర్చి పైకప్పుకి చిన్న ఓడ బొమ్మ వేలాడదీస్తారట, సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళని దేవుడు చల్లగా చూడాలని. అలాంటి ఊళ్ళో ఒక జాలరి కొడుకు మునిగిపోతాడు. ఆ తండ్రి చర్చిలోకి వచ్చి ఓడని కిందికి లాగి, తెరచాప కొయ్య ఊడేలా నేలకేసి కొడతాడు. ఊరివాళ్ళు చర్చిలోనే అతన్ని చితకబాదుతారు. పాస్టర్ చూస్తూ నిలబడతాడు. భార్య కూడా చూస్తూ నిలబడుతుంది. ఆ భార్య వేషం నాది. ఆఖరి సీనులో జాలరి ఒక్కడే వచ్చి, విరిగిన ఓడని కూర్చుని బాగుచేసి, మళ్ళీ వేలాడదీసి, దండం పెట్టకుండానే బయటికి వెళ్ళిపోతాడు.

పాస్టర్ వేషం టైలర్ గారికి ఇచ్చారు. ఆయన గడ్డం, గొంతు రెండూ సరిపోయాయి, పొడుగు నల్లంగీ కూడా ఆయనే కుట్టుకున్నారు. రిహార్సల్ మధ్యలో నమాజు వేళ అయితే ఆ అంగీ విప్పి మేకుకి తగిలించి వెళ్ళొచ్చి మళ్ళీ తొడుక్కునేవారు. "ఆ పాస్టర్ ఎందుకు ఆపడండీ? మనిషిని కొడుతుంటే?" అని రోజూ ఒకసారి అడిగేవారు. "ఆపడు. అదే నాటకం" అనేవారు మాస్టారు. టైలర్ గారికి అది ఎప్పటికీ మింగుడు పడలేదు.

జాలరి వేషం నిజంగా జాలరికే ఇచ్చారు. మంగినపూడి అవతల పల్లె అతనిది. పౌరాణికాల్లో వెనకాల నిలబడే సైనికుడి వేషాలు వేస్తూ మాస్టారి కంట్లో పడ్డాడు. నన్ను అక్కా అనేవాడు, నాకంటే పెద్దవాడయినా. మాటలు తక్కువ. నాటకంలో ఓడ బొమ్మ అతనే చేశాడు, తేలిక చెక్కతో. నేలకేసి కొడితే తెరచాప కొయ్య ఊడొచ్చేలా, మళ్ళీ పురికొసతో బిగిస్తే గట్టిగా నిలబడేలా. రెండు అరచేతులంత ఉన్న ఆ ఓడని చూసి మేమంతా ముచ్చట పడ్డాం.

అప్పటికి మూడేళ్ళ కిందట అతని తమ్ముడు బోటు మీంచి సముద్రంలో పడి పోయాడు. ఒళ్ళు కూడా దొరకలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే బోటులో పనిచేసేవాళ్ళు. అప్పటినుంచి అతను గంగమ్మకి కొబ్బరికాయ కొట్టడం మానేశాడు. వేటకి వెళ్ళేముందు బోటు ముందు కాయ కొట్టి, అందరూ కళ్ళకద్దుకుని ఎక్కడం వాళ్ళ ఆచారం. ఒక్కడు ఎడంగా నిలబడితే వలలో ఏమీ పడదని, పడినా బోటుకి మంచిది కాదని భయం. కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. చివరికి ఊరి పెద్ద బోటెక్కొద్దని చెప్పేశాడు. మా నాటకంలోకి వచ్చేటప్పటికి అతను ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు అల్లుతున్నాడు.

"నాకు సంద్రం కావాలక్కా. ఇంకేం వద్దు" అన్నాడు నాతో ఒకసారి, టీ తాగుతూ.

"అయితే ఆ కాయేదో కొట్టేసెయ్యరాదూ?" అన్నాను. నాకు పుట్టుకతో వచ్చిన తొందర అది. అతను గ్లాసు కింద పెట్టి మేడ ఎక్కేశాడు.

కొట్టే సీనుకి మాస్టారికి టౌను నటులు నచ్చలేదు. వాళ్ళు కొడుతుంటే దుప్పట్లు దులిపినట్టుంది అన్నారు. వల లాగేవాళ్ళు కావాలన్నారు. అందరి చేతులూ ఒక్క ఊపున లేవాలి, ఒక్క ఊపున దిగాలి. అలా అతని బోటులోని నలుగురే ఊరి జనం వేషాలకి వచ్చారు. వాళ్ళలో ముందుండేవాడు ఆ బోటు నడిపే సరంగు. వాళ్ళతో పాటు ఊరి పెద్ద కూడా ఒకరోజు మేడ ఎక్కి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తుండు, మర్యాద మనిషి. కుర్చీలో కూర్చుని నాటకం కథంతా చెప్పించుకున్నాడు.

"ఆ ఓడ ఇరగ్గొట్టేది ఈడేనాండీ?"

"ఇతనేనండి" అన్నారు మాస్టారు.

"మరి ఆఖర్న?"

"ఆఖర్న తనే బాగుచేస్తాడండి. తన చేత్తో కట్టి, మళ్ళీ పైన తగిలిస్తాడు."

"ఆడి చేత్తోనే?"

"అతని చేత్తోనే."

పెద్దాయన తుండు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "మా పల్లెలో తప్పు చేసినోడు పదిమందిలో తప్పు కట్టుకోవాలండి. ఇదీ అంతేగా. కోడూరులో మా వియ్యాలోరి ఊళ్ళో ఆట పెట్టిత్తాను. మా వోళ్ళంతా వత్తారు. ఆడి చేత్తో ఆడు బాగుచేసింది కళ్ళారా సూత్తే, మర్నాడే బోటెక్కమంటాను."

నాకు నవ్వొచ్చింది. డెన్మార్క్‌లో ఎవరో రాసుకున్న నాటకం మంగినపూడి పల్లెలో తప్పు కట్టడం కింద జమ అవుతోంది. కానీ మూల నిలబడ్డ అతని మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. ఆ మొహంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. ఆఖరి సీను దాకా ఆట నడవాలి, అతను తన చేత్తో కొయ్య కట్టాలి. అతనికి కావాల్సిందల్లా అంతే.

కొట్టే సీను మీద మాస్టారు ప్రాణం పెట్టారు. దెబ్బ ఒంటికి జానెడు దూరంలో ఆగాలి. తినేవాడు అదే క్షణంలో తన తొడ మీద తనే చరుచుకోవాలి, జనానికి చప్పుడు అక్కణ్ణుంచి వస్తుంది. సరంగూ మిగతావాళ్ళూ వల లాగే ఊపు పట్టుకున్నారు. నాలుగు చేతులూ లేవడం, దిగడం, చప్పుడు, మెలిక తిరిగే ఒళ్ళు. కింద షాపులో గుడ్డ కొలిపించుకోవడానికి వచ్చినవాళ్ళు పరిగెత్తుకుని పైకి వచ్చేవాళ్ళు, ఎవరో ఎవరినో చంపుతున్నారని. మాస్టారు పొంగిపోయేవారు. నా చోటు వేదిక వెనక భాగంలో, జనం వైపు మొహం పెట్టి. అందుచేత ప్రతి దెబ్బా నాకు దగ్గరగా కనిపించేది. అతని చెయ్యి తొడ మీదే ఉందని చూసుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని.

కోడూరులో సంత జరిగే స్థలంలో బల్లలు పరిచి స్టేజీ కట్టారు. పొద్దు వాలేసరికి జనం నిండిపోయారు. చేపల వేటకి వెళ్ళేవాళ్ళు, రొయ్యల చెరువుల కాడ పనిచేసేవాళ్ళు, ఊడ్పులు ముగించుకుని అటునుంచి అటే వచ్చిన ఆడవాళ్ళు. ముందు వరసలో ఊరి పెద్ద, పక్కన ఆయన వియ్యంకుడు. ఆ ప్రాంతంలో నాటకం అంటే పద్యం. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడాలి. నటుడు ఆ క్షణంలో యుద్ధంలో చచ్చి పడి ఉన్నా సరే, లేచి దుమ్ము దులుపుకుని పాడి, మళ్ళీ చచ్చిపోవాల్సిందే. మాస్టారు అలాంటి వన్స్ మోర్‌లు ఎన్నో అందుకున్న మనిషి. దేవుడి మాటయినా కాదంటారేమో గానీ జనం మాట కాదనరు. ఆయన మతం అది.

మొదట జనం నవ్వారు. టైలర్ గారి నల్లంగీ చూసి, మా తలల మీద గుడ్డలు చూసి. ఆ తర్వాత నాటకంలో తుఫాను గంట మోగింది. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఉప్పెనలో మునిగిన ఈ దివిసీమలో ఆ చప్పుడు ఏమిటో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. ముందు కూర్చున్న ఒక ముసలామె పక్కనున్న పిల్లని దగ్గరికి లాక్కుంది. అక్కణ్ణుంచి నాటకం మా చేతుల్లోకి వచ్చేసింది.

అతను ఓడని లాగి నేలకేసి కొట్టాడు. కొయ్య ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. సరంగు ముందుకొచ్చి తన డైలాగు చెప్పాడు. "దేవుడి ఓడ మీద చెయ్యెలా వేశావు?" జాలరి జవాబు చెప్పడు. నాటకంలో అలాగే ఉంది. నలుగురూ మీద పడ్డారు. అంత బాగా ఎప్పుడూ రాలేదు. వాళ్ళ ఊపులో వాళ్ళ చేతులు, చప్పుళ్ళు, అతని ఒళ్ళు గాలిలో తిరిగి బల్లల మీద పడటం. జనం లేచి నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. ఈలలు. ఎక్కణ్ణుంచో ఒక గొంతు "వన్స్ మోర్!" అంది. ఇక చూడాలి, సంత స్థలమంతా అదే మాట.

నేను పక్కకి చూశాను. తెర చాటున మాస్టారి కళ్ళలో నీళ్ళు. వచన నాటకానికి వన్స్ మోర్! ఆయన జీవితంలో విననిది. "వెయ్యండి! మళ్ళీ వెయ్యండి!" అని చేతులు ఊపారు.

అతను నేల మీంచి లేచి కూర్చున్నాడు. మొహం తుడుచుకుని నా వైపు చూసి నవ్వాడు కూడా. ఒగురుస్తూ తన చోటుకి వెళ్ళి నిలబడ్డాడు. ఓడ అప్పటికే విరిగి ఉంది కాబట్టి డైలాగు నుంచి మొదలుపెట్టాలి. సరంగు ముందుకొచ్చాడు. జనం వాణ్ణి కూడా మెచ్చుకున్నారు కదా, ఛాతీ విరుచుకుని ఉన్నాడు. ఆ ఊపులో రాసి ఉన్న మాట వదిలేసి, సొంతంగా అన్నాడు.

"తమ్ముడు పోతే అమ్మోరి మీద కక్షేంట్రా నీకు?"

జనం హోరెత్తారు. వాళ్ళ అమ్మోరు, వాళ్ళ భాష. కానీ ఆ మాట తగిలింది నాటకంలో జాలరికి కాదు, అతనికి. జాలరి జవాబు చెప్పకూడదు. చెప్పకు, చెప్పకు అని మనసులో అనుకుంటున్నాను.

"అమ్మోరి మీద నాకేం కక్షరా?" అన్నాడు అతను, చాలా నిదానంగా. "ఇంకొక్క చుట్టు తిప్పమన్నాను బోటుని. నీ కాళ్ళు పట్టుకున్నాను. ఇంకొక్క చుట్టే అన్నాను. తిప్పావా?"

"మూసుకో" అన్నాడు సరంగు నోటిలోనే.

"గాలి పెరుగుతుందన్నావు. అమ్మోరు తీసుకుందన్నావు. అమ్మోరు తీసుకోలేదు. నీళ్ళలోంచి ఆడు చెయ్యెత్తాడు. నేను సూశాను. నువ్వూ సూశావు."

మూడేళ్ళు అతను ఆ మాట మింగి తిరిగాడు. బోటులో ఉన్నవాళ్ళ పరువు తియ్యలేక, దేవతని ద్వేషించేవాడన్న పేరు తెచ్చుకుని తిరిగాడు. నేను కొబ్బరికాయ కొట్టెయ్యమని సలహా ఇచ్చింది ఆ మనిషికి. ఇంక ఆలోచించే వ్యవధి లేదు, సరంగు పిడికిలి అతని నోటి మీద పడింది.

ఊపు పోయింది. నలుగురూ నాలుగు రకాలుగా కొడుతున్నారు, ఎవడి కసి వాడిది. అతని చెయ్యి తొడ మీద లేదు. అయినా చప్పుడు వస్తోంది. ఒకడు జుట్టు పట్టుకున్నాడు. ఒకడు డొక్కలో తన్నాడు. అతను బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోతే సరంగు మడమ ఎత్తి ఆ చేతి మీద తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. జనం వినలేదు, వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

పాస్టర్ ముందు బల్ల మీద ఇత్తడి కొవ్వొత్తి స్టాండు ఉంది. బందరు బజారులో దీపపు సెమ్మెలు అమ్మే కొట్లో తెచ్చింది, మంచి బరువు. దాన్ని రెండు చేతులా పట్టుకుని సరంగు భుజం మీద కొట్టాను. మెడ మీద పడాలనే కొట్టాను, నిజం చెప్పాలంటే. వాడు గిర్రున తిరిగి చెయ్యి విసిరి నా నోటి మీద కొట్టాడు. కింది పన్ను ఒకటి ఊడి నాలుక మీదికి వచ్చింది. మళ్ళీ ఎత్తాను స్టాండు. ఈలోపు కదలకుండా నిలబడాల్సిన పాస్టర్ కదిలాడు. టైలర్ గారు అంగీ పైకి ఎగదోపుకుని, "యా అల్లా, చంపేస్తారా వాణ్ణి!" అని అరుస్తూ ఇద్దరిని మెడలు పట్టుకుని ఈడ్చి పారేశారు. బల్ల విరిగింది. సరంగు భుజం పట్టుకుని కూలబడ్డాడు.

జనం వెర్రెత్తిపోయారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

నేను స్టేజీ అంచు దాకా వెళ్ళాను. నోరంతా రక్తం. "మళ్ళీ ఏం చూస్తార్రా? మనిషి చావు చూస్తారా? సిగ్గు లేదట్రా మీకు?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి అచ్చులో పెట్టేవి కావు. దానికీ చప్పట్లు కొట్టారు. అంత అసహ్యం నాకు ఎప్పుడూ, ఎవరి మీదా కలగలేదు. మాస్టారే పరిగెత్తుకొచ్చి తెర లాగేశారు.

తెర వెనక అతను బల్లకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళు రెండు పక్కకి తిరిగి ఉన్నాయి. ఒక కన్ను మూసుకుపోయింది. నలుగురూ చీకట్లో ఎటు దిగిపోయారో దిగిపోయారు. మాస్టారు అతని పక్కన చతికిలబడ్డారు. "ఆపేద్దాం. ఆటో పిలవండి. నాదే తప్పు, ఆపేద్దాం" అంటున్నారు.

"ఆఖరి సీను ఎయ్యాలండి" అన్నాడు అతను.

"ఆ చేత్తోనా?" అన్నాను.

"పెద్దాయన ముందే కూర్సున్నాడక్కా. ఓడ ఇరగ్గొట్టిన కాడ ఆపేత్తే నేనింక ఇరగ్గొట్టినోణ్ణే."

 ఆట మళ్ళీ మొదలైంది. అతను ఓడ ముందు కూర్చున్నాడు. ఎడమచేత్తో కొయ్య పట్టుకుని, కుడిచేత్తో పురికొస అందుకోబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. పురికొస జారిపోయింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ జారింది. మూడోసారి నొప్పికి మూలిగాడు, ఆ మూలుగు మైకులో అందరికీ వినిపించింది. ఆ సీనులో భార్య దూరంగా నిలబడి ఉండాలి. నా వల్ల కాలేదు. వెళ్ళి పక్కన కూర్చుని పురికొస తీసుకున్నాను. అతను గుసగుసగా చెబుతుంటే కట్టాను. "లోపలికి. ఇటు తిప్పు. లాగక్కా, గట్టిగా." నా నోట్లోంచి రక్తపు చుక్క ఓడ మీద పడితే తల మీది గుడ్డతో తుడిచాను. ఓడ నిలబడింది. ఇద్దరం కలిసి పైన తగిలించాం. ఈసారి జనంలో చప్పుడు లేదు.

ఊరి పెద్ద తెర వెనక్కి వచ్చాడు. అతను స్టేజీ గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు, అంత దెబ్బల్లోనూ. పెద్దాయన అతని వైపు చూడలేదు, మాస్టారి వైపు చూశాడు.

"ఆడి చేత్తో అన్నారుగా. ఆ అమ్మాయి కట్టింది."

ఒక్క క్షణం మాకెవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నాకు ఒళ్ళు మండిపోయింది. "అతని చెయ్యి విరగ్గొట్టింది మీ సరంగే కదండీ? అతను అన్న మాట విన్నారా మీరు? ఇంకొక్క చుట్టు తిప్పమన్నాడట, విన్నారా?"

"నాటకంలో సవాలక్ష అంటారమ్మా. అయ్యన్నీ పట్టుకుంటామా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"కట్టేదేమో నిజమూ, అన్నదేమో నాటకమూనా? ఏది నిజమో మీ వీలుని బట్టి ఉంటుందా?"

ఆయన తుండు సర్దుకున్నాడు. నేను నోట్లో ఉన్న రక్తం ఆయన చెప్పుల ముందు ఉమ్మాను. టైలర్ గారు నా రెక్క పట్టుకుని పక్కకి లాగారు, లేకపోతే అంతటితో ఆగేదాన్ని కాను. పెద్దాయన వియ్యంకుడి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే కిందికి జారి, మోకాళ్ళలో తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. దెబ్బలకి ఏడవని మనిషి.

బందరు ఆస్పత్రిలో వేళ్ళు సరిచేశారు గానీ పూర్తిగా తిన్నగా రాలేదు. నాకు ఒక పెట్టుడు పన్ను వచ్చింది, ఇప్పటికీ చల్లనీళ్ళు తాగితే దాని పక్క పన్ను జిల్లుమంటుంది. కేసు పెట్టమని నేను పోరాను. అతను వద్దన్నాడు. ఊళ్ళో ఉండలేక కోడూరు దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా పనికి కుదిరాడు. చెరువు గట్టు మీద నిలబడితే సముద్రం వాసన వస్తుందక్కా, కనపడదు అని ఫోన్లో ఒకసారి అన్నాడు. 

గుడివాడ పోటీలకి అతనే వస్తానన్నాడు. కొట్టే సీనుకి ఈసారి గుడివాడ నటుల్నే పెట్టారు, దుప్పట్లు దులిపినట్టున్నా సరే. మాస్టారు ఆట మొదలవకముందే మైకు తీసుకుని, "ఈ నాటకంలో వన్స్ మోర్‌కి అవకాశం లేదు, ప్రేక్షక దేవుళ్ళు క్షమించాలి" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. కోడూరు రాత్రి నుంచి ఆయన ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు కూడా.

ఆఖరి సీను వచ్చింది. అతను ఓడ ముందు కూర్చున్నాడు. ఆ వంకర వేళ్ళతో పురికొస పట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. ఒక్కో మెలికా తిప్పి, ఆగి, వేళ్ళకి ఊపిరి ఇచ్చి, మళ్ళీ తిప్పాడు.  ముడి బిగిసింది. ఓడని పైన తగిలించాడు, తన చేత్తోనే. చూడాల్సిన పెద్దాయన మాత్రం లేడు. అతను వెనక్కి తిరిగి స్టేజీ మీది చర్చి తలుపు వైపు నడిచాడు.

"వన్స్ మోర్."

గట్టిగా కాదు. హాలు చివర నుంచి ఒక్కటే గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. హాలు తలుపు దగ్గర గోడకి ఆనుకుని సరంగు నిలబడి ఉన్నాడు. ఒక భుజం కిందికి వాలి ఉంది, అది నా చలవే. నా కళ్ళు కొవ్వొత్తి స్టాండు కోసం వెతికాయి. క్షమించే గుణం నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. తెర చాటు నుంచి మాస్టారు వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్నారు. వాడు మళ్ళీ అన్నాడు. ఈసారి తెలుగులో. "ఇంకొక్కసారి." ఆ మాట అంటూ వాడు ఏడుస్తున్నాడని అక్కణ్ణుంచే తెలుస్తోంది.

అతను ఆగిపోయాడు.  తర్వాత వెనక్కి వచ్చాడు. ఓడని కిందికి దించాడు. కూర్చుని, అంత కష్టపడి వేసిన ముడిని పంటితో లాగి విప్పేశాడు. కొయ్య పక్కకి ఒరిగింది. నేను పట్టుకుందామని వంగితే "వద్దక్కా" అన్నాడు.

టైము దాటిందని జడ్జీలు బెల్లు కొట్టారు. మళ్ళీ కొట్టారు. అతను తల ఎత్తలేదు. పురికొస తీసుకుని మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టాడు. సరంగు అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు.